విశ్వతంతువులు

మన యాటస్థలమున వేయిమంది బాలురు చెదరి నిలిచియున్నారనుకొందము. ఈల వినఁబడఁగానే ప్రతివాఁడును దన కిష్టమైన దిక్కునకుఁ దిరుగవలెను. కాని ప్రక్కవానితో నించుమించుగ సరిపోవలెను. దూరమున నున్నవాఁ డెటు తిరిగెనో వీనికిఁ దెలియదు. అప్పు డెక్కడనో యొకచోటఁ జుట్టునున్నవారి ముఖములు క్రమముగ మాఱుచు నిండువలయమై తిరిగివచ్చును. ఆ నడుమనున్న బాలుఁ డెటు తిరిగినను నందఱితోఁ బొసఁగఁడు. వాని కే దిక్కును లేదు.

సృష్ట్యారంభమున నిట్టిదే జరిగియుండునని 1976లో లండను ఇంపీరియల్ కళాశాలయందలి టామ్ కిబిల్ పండితుఁడు వ్రాసెను. ఈయన 1932లో మద్రాసున జన్మించెను; తండ్రి మద్రాసు క్రైస్తవ కళాశాలలో గణితము బోధించెను. మిషను విద్యాలయములవారి కీ సంగతి ప్రియమే కదా!

నీరు గడ్డకట్టునట్లు, విశ్వము పుట్టిన సెకనులో నత్యల్పభాగము గడచునంతలో, వేఁడి తగ్గుటచే శూన్యమే యొక స్థితినుండి వేఱొక స్థితికి మాఱెనని సిద్ధాంతము. కాంతికంటె వేగముగ నే వార్తయుఁ బోఁజాలదు. కావున దూరప్రదేశములు తమలో నొక దిక్కు నిశ్చయించుకొన లేకపోయెను. ఆటస్థలమునకుఁ బొడవు వెడల్పులే. ఆకాశమునకు నెత్తును గలదు. అందుచే నచట దిక్కులేనిది బిందువు గాక గీత యగును. ఆ గీతలోఁ బూర్వపు వేఁడిస్థితి చిక్కుకొని మిగులును. అదియే విశ్వతంతువు. దానికిఁ గొనలుండవు, అంతులేక పోవును, లేదా వలయమై మూసికొనును. ప్రోటానుకంటె నెన్నోరెట్లు సన్నము. బరువో, మొదటి యంచనాలలోఁ బెద్దదానిని గైకొన్నచో, సుమారు 5 కిలోమీటర్ల పోఁగు భూగోళమంత తూఁగును!

ఇంత బరువైన పోఁగులే నక్షత్రకూటములకు విత్తనములని జెల్డోవిచ్ 1980లోను, విలెంకిన్ 1981లోను దలఁచిరి. ఆ యాశ నిలువలేదు. ఆదికాంతిశేషమును గొలిచిన బూమరాంగ్ బెలూను 2000లోఁ జూపిన గుర్తులు తంతువులు వేయవలసినవి కావు. ప్లాంక్ ఉపగ్రహపు 2013 నాఁటి లెక్కలనుబట్టి తంతువు లున్నను నా యంచనాకంటెఁ జాల తేలికయై యుండవలెను. కూటముల పుట్టుకలో వానిపాలు స్వల్పమే.

కంటితోఁ జూచుట కొక యుపాయము గలదు. కాగితమునుండి ముక్క కోసి యంచులు గలిపి పొట్లము చేసినట్లు తంతువు తనచుట్టు నాకాశమును మార్చును. వెనుకనున్న కూటము రెండుగాఁ గనఁబడును; రెండును నచ్చుగ్రుద్దినట్లుండును. ఇట్టి జంట 2003లో నొకటి దొరకెనని రష్యా, ఇటలీ ఖగోళజ్ఞులు సంతసించిరి. 2006లో హబుల్ దూరదర్శిని చూడఁగా నవి వేర్వేఱు కూటములే.

అట్లని కిబిల్ చెప్పిన సూత్రము తప్పు గాదు. దానిని ద్రవహీలియముతోఁ బరీక్షింపవచ్చునని 1985లో జూరెక్ సూచించెను. 1996లో హెల్సింకి, గ్రెనోబుల్ నగరములలోని పరిశోధకు లతిశీతల హీలియమును న్యూట్రానులతోఁ గొట్టి, యొక చిన్నచోటును వేఁడిచేసి చల్లారనిచ్చిరి. చల్లారినచోట సుడిపోఁగులు మిగిలినవి.