పక్క చక్రాల బండికి ఇన్సూరెన్స్

ఇది మన మంగళగిరిలో, మా వీధిలో జరిగిన సంగతి.

మా వీధిలో ఒక అక్క ఉంది. మగ్గం నేస్తుంది. ఆమె భర్తను నేను బావా అని పిలుస్తాను. బావకు చిన్నప్పుడు పోలియో వచ్చింది. ఒక కాలు పనిచేయదు. అయినా స్కూటర్ నడుపుతాడు. ఎలా నడుపుతాడు? వెనక చక్రానికి అటొకటి, ఇటొకటి చిన్న చక్రాలు బిగించారు. కాలు కింద పెట్టకపోయినా బండి పడిపోదు. చీరల మూట ముందు పెట్టుకుంటాడు. అక్కను వెనక ఎక్కించుకుంటాడు. ఇద్దరూ విజయవాడ షాపులకు వెళ్ళి వస్తారు. ఆ బండి తిరిగితేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

నిరుడు హైవే మీద ఒక ఆటో పక్క నుంచి తగిలింది. దేవుడి దయ, మనుషులకు ఏమీ కాలేదు. పక్క చక్రం ఊడింది. బండి ముందు భాగం పగిలింది. రిపేరుకు తొమ్మిది వేలు అవుతుందన్నారు.

"ఫుల్ ఇన్సూరెన్స్ ఉందిగా, భయమేముంది?" అంది అక్క.

కంపెనీ మనిషి వచ్చి చూశాడు. "ఈ పక్క చక్రాలు మీ కాగితాల్లో లేవమ్మా. మేము ఇన్సూరెన్స్ చేసింది మామూలు స్కూటర్‌కి. డబ్బులు రావు" అన్నాడు.

అక్క కాగితాలు తెచ్చి నా ముందు పెట్టింది. అవి ఇంగ్లీషులో ఉన్నాయి. నేను చదివి చెప్పాను. అంకెలు మాత్రం అక్కే చదివింది. నిజమే, పక్క చక్రాల మాట ఎక్కడా లేదు. ఎందుకు లేదు? "ఆ మాట ఎత్తకండి, ఎత్తితే రేటు పెరుగుతుంది" అని ఏజెంటు చెప్పాడట. చౌక అని వీళ్ళు ఊరుకున్నారు.

నాకు కోపం వచ్చింది. ఎందుకంటే ఆ మాట తప్పు. ఎలా తప్పో చూద్దాం.

ఇన్సూరెన్స్‌లో రెండు భాగాలు ఉంటాయి.

ఒకటి థర్డ్ పార్టీ. మన బండి తగిలి దారినపోయే వాళ్ళకు దెబ్బ తగిలితే, వాళ్ళకు ఇవ్వాల్సిన డబ్బు ఇందులోంచి వస్తుంది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇది లేకుండా బండి రోడ్డెక్కకూడదు. దీని రేటు కంపెనీ ఇష్టం కాదు. ప్రభుత్వం పెడుతుంది. 75 సి.సి. దాటి 150 సి.సి. వరకు ఉన్న బండికి ఏడాదికి 714 రూపాయలు. పన్ను అదనం. ఇది 2022 జూన్‌లో పెట్టిన రేటు. కట్టేముందు ఇప్పటి రేటు అడగండి. ఏ కంపెనీకి వెళ్ళినా ఇది ఒకటే. "నేను సగానికి చేయిస్తా" అని ఎవరైనా అంటే ఆ కాగితాన్ని అనుమానించండి.

రెండోది మన బండికి జరిగే నష్టం. దీని రేటు కంపెనీకీ కంపెనీకీ మారుతుంది. బేరం ఆడాల్సింది ఇక్కడే. దివ్యాంగుల కోసం మార్చిన బండికి ఈ భాగంలో సగం తగ్గించే నిబంధన ఉంది. దాని పేరు ఐ.ఎం.టి. 12. అంటే ఏమిటి? నిజం చెబితే రేటు తగ్గుతుంది! కానీ ఒక షరతు ఉంది. బండిని మార్చిన సంగతి ఆర్.సి.లో రాసి ఉండాలి.

అందుకని అక్క, బావ ముందు రవాణా ఆఫీసుకు వెళ్ళారు. ఆర్.సి., సదరం సర్టిఫికెట్, చక్రాలు కొన్న బిల్లు పట్టుకెళ్ళారు. బ్రేకు ఇన్‌స్పెక్టరు బండిని అటూ ఇటూ నడిపించి చూశాడు. మూడుసార్లు తిరిగారు. మూడు రోజులు మగ్గం ఆగింది. చివరికి ఆర్.సి.లో రాశారు. ఎవరుపడితే వాళ్ళు బిగించిన చక్రాలను ఆఫీసులో ఒప్పుకోరు. కొత్తగా బిగించుకునే వాళ్ళు ముందే వెళ్ళి అడగడం మంచిది. లైసెన్సు కూడా అలాంటి బండికి ఇచ్చిందే ఉండాలి.

(కుర్రాళ్ళు సైలెన్సర్ మార్చి వీధంతా అదరగొడుతుంటారు కదా. వాళ్ళకు ఈ దారి లేదు. అది అవసరం కాదు, సరదా.)

ఆ తర్వాత అక్క ఒక చీటీ మీద మూడు మాటలు రాసుకుంది. "పక్క చక్రాలు రాస్తారా? ఐ.ఎం.టి. 12 ఇస్తారా? మొత్తం ఎంత?" ఆ చీటీతో మూడు ఇన్సూరెన్స్ ఆఫీసులు తిరిగింది. ఒక చోట ఇలాంటి బండి చేయం అన్నారు. ఇంకో చోట ఐ.ఎం.టి. 12 అంటే తెలియదన్నారు. మూడో చోట పెద్దాయన పుస్తకం తీసి చూసి, "ఉందమ్మా" అన్నాడు. బావకు 15 లక్షల ప్రమాద బీమా కూడా అందులోనే కలిపి చేయించింది. కాగితం చేతికి వచ్చాక అక్కడే నిలబడి, బండి నంబరు, తేదీలు చదువుకుంది. ఒక అంకె తప్పు పడింది. దిద్దించింది.

పోయిన తొమ్మిది వేలు మాత్రం తిరిగి రాలేదు. అవి ఇంకా చీటీ డబ్బుల్లోంచి కడుతూనే ఉన్నారు.

చేసి చూడండి:

మీ ఇంట్లో బండి ఉంటే దాని ఇన్సూరెన్స్ కాగితం తీయండి. బండి నంబరు వెతకండి. కాగితం మీద ఉన్నదీ, బండి మీద ఉన్నదీ ఒకటేనా? ఏ తేదీతో అయిపోతుంది? ఆ తేదీని మీ క్యాలెండరులో రాయండి. బండికి ఏమైనా బిగించారా? బిగిస్తే అది ఆర్.సి.లో ఉందో లేదో రేపు కేంద్రంలో చెప్పండి.