దిగినంతే పోయాలి

ఐ.టి.ఐ.లో మెకానిక్ పని నేర్చుకునే విద్యార్థులకు పనికివస్తుందని ఇది రాస్తున్నాను. అమెరికాలో మా అల్లుడు తన పాత షెవ్రొలే సిల్వరాడో ట్రక్కుకు ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిలు, ఫిల్టరు మారుస్తుంటే పక్కనే ఉన్నాను. బండిని స్టాండ్లపై నిలిపి, అడుగునున్న ఆయిలు పళ్లెం బోల్టులను ఒక మూల నుంచి వదులు చేస్తే ఆయిలు కారింది. ఫిల్టరు లాగితే దాని రబ్బరు సీలు పైనే ఉండిపోయింది. అది తీయకుండా కొత్తది ఎక్కించకూడదు. పళ్లెంలోని అయస్కాంతానికి బూడిదరంగు పొడి అంటడం మామూలే. లోహపు ముక్కలుంటే గేర్‌బాక్సు విప్పి చూడవలసిందే.

కొత్త ఫిల్టరు, గాస్కెట్టు వేసి పళ్లెం బిగించాక, పుస్తకంలో సుమారు 10.6 లీటర్లని చూసి అల్లుడు అంతా పోయబోయాడు. "బాబూ, దిగింది కొలిచారా?" అన్నాను. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది! కొలిస్తే 5 లీటర్లకు లోపే ఉంది. మిగతాది టార్క్ కన్వర్టరులోనే నిలుస్తుంది, పళ్లెం దించితే రాదు. పళ్లెం దించినప్పటి లెక్క 4.7 లీటర్లని ఆ పుస్తకంలోనే వేరే వరుసలో ఉంది. ఎక్కువైతే ఆయిలు నురగ కట్టి, ఒత్తిడి తగ్గి, లోపలి క్లచ్ ప్లేట్లు కాలిపోతాయి. కొంచెం తక్కువగానే పోసి, బ్రేకు తొక్కి గేర్లన్నీ ఒకసారి మార్చి, వేడెక్కాక ఇంజను నడుస్తుండగానే పార్కులో డిప్‌స్టిక్కు చూశాము. మరో పావు లీటరు పట్టింది.