లక్ష పోసే కోర్సు కన్నా ఊరికే దొరికే డీబగ్గర్ మేలు

ద్రాక్షారామం, రామచంద్రపురం చుట్టుపక్కల ఇంజనీరింగ్ పిల్లలున్న ఇళ్లల్లో ఇప్పుడు ఒకటే మాట: "ఏఐ కోర్సులో చేర్పించేస్తే ఉద్యోగం వచ్చేసినట్టేనటండీ!" ఎదురింటి అబ్బాయి కోచింగుకు హైదరాబాద్ అమీర్‌పేట వెళ్లాడని మనవాణ్నీ పంపేయడం, పంట డబ్బు చేతికి రాగానే ఫీజు కట్టేయడం. ఈ తొందర ఆగాలి. ఏఐ నేర్చుకోవద్దని కాదు. పాయింటర్ అంటే ఏమిటో తెలియని పిల్లవాణ్ని మూడు నెలల్లో నిపుణుణ్ని చేస్తామనే మాట నమ్మొద్దని.

ఎవరి కంటా పడని పని ఒకటుంది: డీబగ్గర్ స్క్రిప్టులు చదివి సవరించడం.

ప్రోగ్రాంను మధ్యలో ఆపి, తప్పెక్కడుందో వెతకనిచ్చేది డీబగ్గర్. 1986లో రిచర్డ్ స్టాల్‌మన్ రాసిన జీడీబీ అనే డీబగ్గర్‌కు, 2009లో వచ్చిన 7.0 వెర్షన్ నుంచి పైథాన్ స్క్రిప్టులు జోడించుకోవచ్చు. రస్ట్ భాషలో మూడు అంకెలున్న వెక్టర్‌ను ఆ స్క్రిప్టులు లేకుండా చూస్తే బఫర్, పాయింటర్, కెపాసిటీ అంటూ లోపలి సరంజామా ఏకరువు పెడుతుంది. అంకెలు మాత్రం కనిపించవు. స్క్రిప్టులు తోడైతే సైజు 3, లోపల 1, 2, 3 అని తేటగా చూపిస్తుంది. ద్రాక్షారామం భీమేశ్వరాలయంలోని శాసనాలు అందరికీ కనిపిస్తాయి, లిపి తెలిసినవారు చదివి చెబితేనే అర్థమవుతాయి. ఈ స్క్రిప్టులు చేసేదీ అదే.

రస్ట్ వీటిని ఒక పద్ధతిలో సర్దుకుంది. డేటా ఏ రకమో గుర్తుపట్టే ఫైలు వేరు, దాన్ని ఎలా చూపాలో చెప్పే ఫైలు వేరు. జీడీబీకి ఒక జత, ఎల్‌ఎల్‌డీబీ అనే ఇంకో డీబగ్గర్‌కు మరో జత, విండోస్ డీబగ్గర్లకు నాట్‌విస్ ఫైళ్లు. లైబ్రరీ లోపలి అమరిక మారితే ఇవీ మారాలి. 2019లో 1.36 వెర్షన్‌తో హ్యాష్‌మ్యాప్ అమరిక మారిపోయింది. దాంతో స్క్రిప్టుల్లో పాతదానికొకటి, కొత్తదానికొకటి వేర్వేరు భాగాలు పెట్టాల్సి వచ్చింది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదివిన విద్యార్థికి డేటా స్ట్రక్చర్స్ పాఠం బట్టీ పట్టే పని ఉండదు. కంపైలర్ మొత్తం బిల్డ్ చేయాలంటే పెద్ద మెషీన్ కావాలి గానీ, స్క్రిప్టు చదివి మార్చి చూడటానికి మామూలు ల్యాప్‌టాప్ చాలు.

ఇలాంటి ఓపెన్ సోర్స్ పనిలోకి కొత్తవారిని తీసుకునే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ కార్యక్రమానికి 18 ఏళ్లు నిండిన విద్యార్థులు, ఓపెన్ సోర్స్‌కు కొత్తవారు అర్హులు. 2024లో రస్ట్ కూడా అందులో చేరింది.

దరఖాస్తుకు ఫీజు లేదు. కాబట్టి "సెలెక్షన్ గ్యారంటీ" అంటూ డబ్బు అడిగేవాళ్లను గుమ్మంలోనే ఆపేయాలి. రెడీమేడ్ ప్రాజెక్టు కొనిపెడితే, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే పిల్లవాడు నీళ్లు నములుతాడు. ఇంకా ప్రమాదం నకిలీ అనుభవ పత్రాలది. కంపెనీ పీఎఫ్ రికార్డుతో సరిచూస్తే గుట్టు బయటపడుతుంది, వచ్చిన ఉద్యోగమూ పోతుంది. పొలం తాకట్టు పెట్టిన తండ్రికి మిగిలేది వడ్డీ, పిల్లవాడికి మిగిలేది మచ్చ. "మీ బ్యాచ్‌లో అందరికీ వచ్చింది, నీకేమైంది?" అని రోజూ పొడవడం ఆ పిల్లల్ని ఇలాంటి అడ్డదారుల వైపే తోస్తుంది.

ఈ స్క్రిప్టుల పని ఒక్కటే ఉద్యోగం తెచ్చిపెట్టదు, ఆ మాటా తెలిసి ఉండాలి. కానీ ఏఎండీ వారి రాక్‌జీడీబీ, ఎన్విడియా వారి కుడా-జీడీబీ రెండూ జీడీబీ మీద కట్టినవే. ఏఐ లెక్కలు నడిచే చిప్‌ల మీద తప్పులు వెతకడానికి వాడేది వీటినే. ఆ రెండు కంపెనీలకూ హైదరాబాద్‌లో కేంద్రాలున్నాయి.

రెండో ఏడాదిలో సీ, పైథాన్ గట్టిపరచుకుని, మూడో ఏడాదిలో ఒక స్క్రిప్టు పూర్తిగా చదివి రస్ట్ ప్రాజెక్టుకు చిన్న సవరణ పంపితే చాలు. సమీక్షకులు దాన్ని తిప్పి పంపవచ్చు, నెలలు పట్టవచ్చు. ఆ నెలల్లో ఇంట్లో ఎవరూ కొత్త కోర్సు పేరు ఎత్తకూడదు.