మలుపుకు ముందే లెక్క

అభికేంద్ర బలం సూత్రాన్ని పరీక్షలో తప్పులేకుండా రాశాను. మార్కులూ వచ్చాయి. అది అర్థమయింది మాత్రం అరకు ఘాట్ రోడ్డు మీద, వెనక సీట్లో తమ్ముడు కూర్చుని ఉండగా!

ఎడమ మలుపు. వేగం ఎక్కువయిందని సగం తిరిగాక తెలిసింది. కంగారుపడి ముందు బ్రేకు నొక్కాను. వాలిన బండి నిటారుగా లేచి, కుడివైపుకు, ఎదురొస్తున్న లారీ మీదకు పోయింది. ఆ డ్రైవరు ఆపాడు కనుక ఈ వ్యాసం రాస్తున్నాను.

తిరిగొచ్చాక లెక్క వేశాను. మలుపు వ్యాసార్థం 20 మీటర్లనుకోండి. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో తిరగాలంటే బండి సుమారు 27 డిగ్రీలు వాలాలి. 50 అయితే సుమారు 45 డిగ్రీలు! వేగం పెరిగింది 14 కిలోమీటర్లే. కావలసిన బలం దాదాపు రెట్టింపు. బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది మరి. అంత పట్టు పొడి రోడ్డు మీదే కష్టం. ఇసుకో తడో ఉంటే ఇక చెప్పనక్కర్లేదు.

టైరు పట్టు మనకు ఇంటి నుంచి వచ్చే నెల డబ్బులాంటిది. బ్రేకుకే ఖర్చుపెడితే మలుపుకు మిగలదు. అందుకే మిత్రులారా, వేగం తగ్గించడం, గేరు మార్చడం మలుపుకు ముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే కానివ్వండి. చూపు లోయ మీద కాదు, మలుపు చివర మీద ఉంచండి. కనిపిస్తున్న రోడ్డులోపల ఆగగలిగినంతే మన వేగం.

తమ్ముడు ఈ సంగతి ఇంట్లో ఇంతవరకూ చెప్పలేదు. ఇప్పుడు నేనే చెబుతున్నాను.