గ్రహణపు వెలుగు, కంటి నాడీకణముల మరణము

2027 ఆగస్టు 2వ తేదీన, సూర్యుడు పడమటికి వాలుచుండగా, ముంబయిలో పాక్షిక సూర్యగ్రహణము కనబడునని గణితము చెప్పుచున్నది. అట్టినాడు కామాటిపుర చాళ్ల గ్యాలరీలలో నిలిచి పిల్లలు ఆకాశమువంక చూడక మానరు. కావున కంటిలో జరుగు హానిని తల్లిదండ్రులకు వివరించుట మా విధి యని తలచుచున్నాము.

కనుగ్రుడ్డు లోపల వెనుకభాగమున రెటీనా యను పలుచని పొర కలదు. అందు వెలుగును గ్రహించు కణములు రెండు విధములు. దండకణములు మసక వెలుగునందును, శంకుకణములు పగటి చూపునకును రంగులకును పనికివచ్చును. ఇవి నాడీకణములు. గీరుకొన్న చర్మము మరల పెరుగును గాని, మనుష్యుని కంటిలో ఇవి చచ్చినచో మరల పుట్టవు.

భూతద్దము కాగితమును కాల్చినట్లు సూర్యుడు కంటిని కాల్చునని పలువురు చెప్పుదురు. అది కొంతవరకే నిజము. వేడిమికంటె రసాయనిక చర్యవలననే హాని యెక్కువ. ఈ కణములలో వెలుగును పట్టు వర్ణకము ఏ విటమినునుండి తయారగును. ఆ విటమిను లోపించినచో రేచీకటి వచ్చునని తల్లు లెరుగుదురు. వెలుగు, అందును నీలి వెలుగు, మితిమీరినపుడు ఆ వర్ణకపు శకలములే ప్రాణవాయువును తీక్ష్ణరూపములుగా మార్చును. అవి కణములోని క్రొవ్వుపొరలను చెరచును. నిలువ నూనె చెడి వాసన వేయుటయు ఇట్టి చర్యయే. దెబ్బ సరిదిద్దుకొనలేనంత యైనపుడు కణము తన్ను తాను ముక్కలు చేసికొని చచ్చును. 1972లో ఇట్టి మరణమునకు ఎపోప్టోసిస్ అని పేరిడిరి. గ్రీకు భాషలో ఆకులు రాలుట యని యర్థము. 1966లోనే వెర్నర్ నోయల్ అను శాస్త్రజ్ఞుడు సాధారణ దీపకాంతి యైనను గంటలకొలది పడినచో ఎలుకల రెటీనా చెడునని చూపెను. ఎలుక రాత్రి తిరుగు జంతువు. ఇంటి దీపములకు మనము భయపడ బనిలేదు.

రెటీనాకు నొప్పి తెలియదు. మాకు మిక్కిలి భయము గొలుపు సంగతి యిదియే. నిప్పు తగిలిన వేలిని వెంటనే తీసికొందుము; కన్ను అట్లు హెచ్చరింపదు. కొన్ని గంటలకుగాని చూపు నడుమ నల్లని చుక్క కనబడదు. కొందరికి నెలలలో చాలవరకు నయమగును. కొందరికి ఆ చుక్క నిలిచిపోవును, సరిగా అక్షరము చదువబోవు చోటనే. దానిని పోగొట్టునని రుజువైన మందు లేదు.

1980 ఫిబ్రవరి 16న తెలంగాణమున సంపూర్ణ గ్రహణము పట్టినపుడు జపాల్-రంగాపూర్‌లోని ఉస్మానియా విశ్వవిద్యాలయ వేధశాలనుండి శాస్త్రజ్ఞులు దానిని పరిశీలించిరి. ఊళ్లలో పలువురు తలుపులు మూసికొని కూర్చుండిరి. ఆ భయమునకు చెప్పు కారణములను మేమంగీకరింపము గాని, దానివలన కండ్లు మిగిలెనని ఒప్పుకొందుము. పళ్లెములోని పసుపునీటిలో చూచు అలవాటు మాత్రము క్షేమము గాదు. నెత్తిమీది యెండను నీరు నూటికి రెండు పాళ్లు, సూర్యుడు వాలినకొలది అంతకెక్కువ తిప్పి పంపును. గ్రహణము చూచుటకు తగిన అద్దమో, లక్షకు మూడు పాళ్లకు మించి పోనీయదు. మసి పూసిన గాజు, ఎక్స్‌రే ఫిల్ము, నల్ల కళ్లజోడు, ఇవేవియు చాలవు.

పోస్టుకార్డునకు గుండుసూదితో రంధ్రము చేసి, సూర్యునికి వీపు పెట్టి నిలిచి, గోడపై పడిన వెలుగుచుక్కను పిల్లలకు చూపవలెను. అది అంచు కొరికిన రొట్టెవలె కనబడును. ఆ రంధ్రముగుండ సూర్యుని వైపు చూడనీయరాదు.