పట్టాల ఫిరంగి – ప్లాస్టిక్కునకు అగ్నిపరీక్ష

మందుగుండు లేకుండ కేవలము విద్యుచ్ఛక్తిచే గుండును విసరు యంత్రమునకు రైల్‌గన్ అని పేరు. దీనిని పట్టాల ఫిరంగి యనవచ్చును. ఇందు రెండు లోహపు పట్టాలు సమాంతరముగ నుండును. లక్షలాది ఆంపియరుల ప్రవాహము ఒక పట్టానుండి గుండు వెనుకనున్న వాహకము ద్వారా రెండవ పట్టాకు పోవును. అప్పుడు కలుగు అయస్కాంత బలము గుండును ముందునకు త్రోయును.

ఆస్ట్రేలియా దేశమున కాన్‌బెరాలోని జాతీయ విశ్వవిద్యాలయమున జరిగిన ప్రయోగములు ఇందు ప్రసిద్ధములు. 1978లో ప్రకటింపబడిన ఫలితము ననుసరించి, 3 గ్రాముల గుండు సెకనుకు 5.9 కిలోమీటర్ల వేగము నందెను. ఇది గాలిలో ధ్వనివేగమునకు సుమారు 17 రెట్లు. ఆ గుండు పాలికార్బొనేటు అను ప్లాస్టిక్కుతో చేసినది. దానిని త్రోసిన వాహకము ఘనలోహము గాదు. మిక్కిలి వేడిమిగల విద్యుచ్చాపము.

ఇట్టి ఫిరంగిలో పట్టాలను వేరుపరచి నిలుపునది విద్యుద్బంధకము. విద్యుత్తును పోనీయకుండుట దాని ధర్మము. చాపపు వేడిమికి దాని ఉపరితలము ఆవిరియగును. ఆ ఆవిరి చాపములో కలిసి బరువును పెంచి వేగమును తగ్గించును. ఇంతకన్న పెద్ద కీడు మసి. ప్లాస్టిక్కులలో కర్బనము కలదు. అది మాడి నల్లని పొరగా మిగిలినచో ఆ పొర విద్యుద్వాహక మగును. పిమ్మట ప్రవాహము గుండును చేరకయే, వెనుకనే అడ్డదారి పట్టును. కావలివాడే దొంగకు తలుపు తీసినట్లగును!

కావున పరీక్షకులు ప్లాస్టిక్కు పలకలను చాపమునకు గురిచేసి, ముందును వెనుకను తూచి, ఎంత తరిగినదో చూతురు. ఉపరితల నిరోధమును కొలిచి, మసి పట్టినదా యని పరిశీలింతురు. గాజునారతో బలపరచిన ఎపాక్సీ దృఢమైనదే గాని మాడినచో కర్బనము మిగులును. టెఫ్లాన్ దాదాపు మసి మిగుల్చదు. కాని మెత్తనిదగుటచే ఒత్తిడికి ఆకృతి చెడును. పింగాణి జాతి పదార్థములు వేడిమికి తాళును గాని అదరుపాటునకు పగులును. అన్ని గుణములు ఒకచోట దొరకుట అరుదు.

తలిదండ్రులారా! ఈ పాఠము మన యింటికిని వర్తించును. మీటలోగాని ప్లగ్గులోగాని నిప్పురవ్వలు లేచి నల్లని మచ్చ పడినచో, దానిని తుడిచి మరల వాడుట ప్రమాదకరము. ఆ మచ్చయే విద్యుత్తునకు త్రోవ కావచ్చును. వెంటనే సరఫరా నిలిపి, పనివానిచే క్రొత్తది వేయింపుడు. కారణమును పిల్లలకు మన తెలుగున వివరింపుడు. తెలిసి భయపడిన బిడ్డ తెలియక చేయి పెట్టడు.