వాకిటి పిల్లిని ఇంటి పిల్లిగా చేసుకోవచ్చునా?

వాకిట చేరిన పిల్లికి పాలు పోయడం మనకు అలవాటే. కాని ఆస్ట్రేలియాలో ఆ దయ అంతటితో ముగియరాదు. 1788లో ఐరోపా వలసదారులతో వచ్చిన ఈ జంతువుకు ఇక్కడి పక్షులు, చిరుప్రాణులు ఆహారమవుతున్నాయి. కాన్‌బెర్రాలో 2022 జూలై 1 నుండి పుట్టిన పిల్లులను యజమాని ఆవరణలోనే ఉంచాలన్నది చట్టం.

ముందుగా పశువైద్యునికి చూపి, మైక్రోచిప్ ఉన్నదేమో పరీక్షింపజేయాలి. దానికోసం మరొక ఇల్లు ఎదురుచూస్తుండవచ్చు.

యజమాని లేడని తేలినా, శాకాహార కుటుంబాలకు మరొక ప్రశ్న మిగిలే ఉంటుంది. మాంసంలో లభించే టారిన్ అనే పదార్థాన్ని పిల్లి శరీరం చాలినంత తయారుచేసుకోలేదు. అది కొరవడితే చూపు, గుండె దెబ్బతింటాయి. పెరుగన్నంతో ఆ లోటు తీరదు. వంటింట మాంసాహారపు డబ్బా తెరవడానికి ఇంటిల్లిపాదీ సమ్మతిస్తేనే పిల్లిని లోనికి పిలవాలి. లేనిచో జంతు సంరక్షణాలయానికి అప్పగించడమే నిజమైన భూతదయ.